చదవడం నేర్పే గొడవ: అక్షరమాలా, ఫోనిక్సా, కథలా?

చిన్నపిల్లలకి చదవడం ఎలా నేర్పాలి అని అడిగి చూడండి, నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు. ముందు అ ఆలు, గుణింతాలు పక్కాగా రావాలి, మిగతాదంతా తర్వాతే అని ఒకరు. అదంతా పాత పద్ధతి, ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు నేర్పి, కలిపి చదివించడం) చెప్పించండి అని ఇంకొకరు. అక్షరాలతో విసిగించకండి, కథలు చదివి వినిపిస్తూ ఉంటే వాళ్ళకే వచ్చేస్తుంది అని మూడో వాళ్ళు. రోజుకి రెండు పేజీలు రాయిస్తే చాలు అనేవాళ్ళు సరేసరి. నాకు అర్థమైనంతలో వీళ్ళలో పూర్తిగా తప్పు చెప్పేవాళ్ళు తక్కువే, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో ముక్క పట్టుకుని మాట్లాడుతున్నారు, పైగా ఇంగ్లీష్ లిపి కోసం పుట్టిన పద్ధతిని తెలుగుకి, తెలుగు పద్ధతిని ఇంగ్లీష్‌కి ఉన్నదున్నట్టు తగిలించేస్తున్నారు. అందుకే ఒక్కో ముక్కా విడివిడిగా చూద్దాం.

మాటలు వచ్చినట్టు చదువు ఎందుకు రాదు

మాట్లాడటం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చుట్టూ మనుషులు మాట్లాడుతుంటే పిల్లలు పట్టేసుకుంటారు. రాత అలా కాదు. మనుషులు మాట్లాడటం ఎప్పుడో మొదలైంది గానీ రాత పుట్టి ఐదు వేల ఏళ్ళు దాటి కొంతకాలమే అయింది, అది కూడా చాలా కాలం కొద్దిమంది చేతుల్లోనే ఉంది. అందుకని మెదడులో పుట్టుకతోనే చదువు కోసం కేటాయించిన చోటు అంటూ ఏదీ లేదు. ఫ్రాన్స్‌కి చెందిన మెదడు శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ చెప్పేది ఏంటంటే, మొహాల్ని, వస్తువుల్ని గుర్తుపట్టే భాగం పక్కనే ఎడమవైపు ఒక చిన్న చోటు ఉంటుంది, చదవడం నేర్చుకునే కొద్దీ అది అక్షరాల కోసం మారుతూ వస్తుంది.

దీని వల్ల చాలామందిని కంగారు పెట్టే ఒక విషయం తేలిపోతుంది. పిల్లలు ఇంగ్లీష్ చిన్న బి ని డి అనుకోవడం, అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం చూసి ఏదో లోపం ఉందేమో అని భయపడతారు. కానీ కుర్చీని ఎడమ నుంచి చూసినా కుడి నుంచి చూసినా అది కుర్చీనే కదా, మెదడు అలాగే అలవాటు పడి ఉంటుంది. దిక్కు మారితే వస్తువే మారిపోవడం అనేది దానికి అక్షరాల దగ్గరే మొదటిసారి ఎదురవుతుంది. ఐదారేళ్ళ పిల్లల్లో ఇది మామూలే, చదవడం స్థిరపడే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది.

పలకలో ప తీసేస్తే ఏం మిగుల్తుంది

అక్షరాల కంటే ముందు వచ్చేది చెవి పని. మాట అనేది శబ్దాల ముక్కలతో తయారైంది, ఆ ముక్కల్ని విడదీయొచ్చు, కలపొచ్చు, మార్చొచ్చు అని తెలియడాన్ని ధ్వని స్పృహ అంటారు. పేరు బరువుగా ఉంది గానీ విషయం తేలిక. "పలక" లో ప తీసేస్తే ఏం మిగుల్తుంది అంటే "లక" అని చెప్పగలగడం, "కమల" కి మూడు చప్పట్లు కొట్టగలగడం, తల, వల, కల ఒకేలా ముగుస్తున్నాయని పట్టుకోవడం. ఇక్కడ పెన్నూ పుస్తకంతో పని లేదు.

ఇందులో మెట్లు ఉన్నాయి. పెద్ద ముక్కలు ముందు వినిపిస్తాయి, చిన్నవి తర్వాత. "కమల" ని క-మ-ల అని విడదీయడం నాలుగేళ్ళ పిల్లలు కూడా చేస్తారు. ఆ "క" లోపల మళ్ళీ క్ అనే హల్లు, అ అనే అచ్చు విడిగా ఉన్నాయని తెలియడం చాలా కష్టం, ఎందుకంటే నోటితో వాటిని విడదీసి పలకడమే సరిగ్గా కుదరదు. ఏ లిపికి ఏ మెట్టు దాకా వెళ్ళాలి అన్న దగ్గరే తెలుగు దారి, ఇంగ్లీష్ దారి వేరవుతాయి. ఇంగ్లీష్‌లో మొదటి రోజు నుంచే విడి శబ్దం కావాలి, "క్యాట్" చదవాలంటే క్, యా, ట్ మూడూ విడివిడిగా తెలియాలి. తెలుగులో "తల" చదవడానికి త, ల చాలు, అది పిల్లల చెవికి ముందే తెలిసిన సైజు.

కూడబలుక్కోవడం నుంచి గడగడా చదవడం దాకా

అక్షరాన్ని చూసి శబ్దంగా మార్చడాన్ని డీకోడింగ్ అంటారు. మొదట్లో పిల్లలు "ప... డ... వ..." అని ఒక్కోటి చదివి, కలిపి "పడవ!" అంటారు. ఆ కలపడమే అసలైన క్షణం, అక్షరాలన్నీ విడిగా గుర్తుపట్టి కలపలేని పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ళకి అక్షరమాల అంతా వచ్చు కాబట్టి చదవడం వచ్చేసినట్టే అని పెద్దవాళ్ళు పొరపడతారు.

ఒకే పదాన్ని అలా నాలుగైదు సార్లు కలిపి చదివాక ఆ పదం మొత్తంగా జ్ఞాపకంలో కూర్చుంటుంది, తర్వాత చూడగానే వచ్చేస్తుంది. దీని మీద ఎక్కువ పని చేసిన అమెరికా పరిశోధకురాలు లినియా ఎరీ చెప్పేది ఏంటంటే, పదం బొమ్మలా గుర్తుండదు, అందులో ఏ అక్షరం ఏ శబ్దానికి అంటుకుందో ఆ లంకెల ద్వారా గుర్తుంటుంది. ఇంగ్లీష్‌లో "సెడ్" అనే మాట స్పెల్లింగ్ ఎస్-ఏ-ఐ-డి, చాలా వంకర అంటాం, నిజానికి మొదటి అక్షరం, చివరి అక్షరం బుద్ధిగానే ఉన్నాయి, మధ్యలోదే గుర్తుపెట్టుకోవాలి.

గడగడా చదవడాన్ని ఫ్లుయెన్సీ అంటారు. దీని అవసరం స్పీడు కోసం కాదు. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేది చాలా తక్కువ, వాక్యంలో ప్రతి అక్షరానికీ తడుముకుంటుంటే చివరి పదం చేరేసరికి మొదటి పదం ఎగిరిపోతుంది. "చదివాడు గానీ ఏం చదివాడో చెప్పలేకపోతున్నాడు" అనే పిల్లల్లో కొంతమంది సమస్య ఇదే, వాళ్ళకి బుర్ర లేక కాదు.

చదవడం అనేది ఒక గుణకారం

1986 లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు ఒక చిన్న సూత్రం ఇచ్చారు. చదివి అర్థం చేసుకోవడం = డీకోడింగ్ × భాష అర్థం కావడం. కూడిక పెట్టకుండా గుణకారం పెట్టడంలోనే విషయమంతా ఉంది, ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే.

లెక్క వేసి చూద్దాం. పూర్తిగా వస్తే 1, అస్సలు రాకపోతే 0 అనుకోండి. ఒక పాప డీకోడింగ్ 0.9, ఏ వాక్యం ఇచ్చినా చదివేస్తుంది, కానీ ఆ పుస్తకంలో ఉన్న భాష ఆమెకి 0.3 మాత్రమే తెలుసు. ఫలితం 0.27. ఇంకో బాబుకి చెప్తే అన్నీ అర్థమవుతాయి, 0.9, డీకోడింగ్ మాత్రం 0.3. అతనిదీ 0.27. పరీక్షలో ఇద్దరికీ ఒకే మార్కులు వస్తాయి, కావలసిన సాయం మాత్రం పూర్తిగా వేరు. పాపకి ఇంకా గుణింతాలు రాయిస్తే లాభం లేదు, బాబుకి ఇంకా కథలు చెప్తే లాభం కొంచెమే. నా దృష్టిలో పిల్లల చదువు గురించి జరిగే సగం వాదనలు ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చినవే.

"కిరణం వక్రీభవనం చెందింది" అని ఒక రెండో తరగతి పిల్లకి ఇస్తే తడబడుతూ అయినా చదివేస్తుంది, అర్థం మాత్రం శూన్యం. ఆ మాట ఎరగదు, ఆ సంగతీ ఎరగదు. 1988 లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 7, 8 తరగతుల పిల్లలకి బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగం చదవమని ఇచ్చారు. చదవడంలో వెనకబడి ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందుండి ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకుని చెప్పారు. అంటే అర్థం చేసుకోవడం అనేది విడిగా ప్రాక్టీస్ చేసుకునే ఒక నైపుణ్యం మాత్రమే కాదు, ఆ విషయం గురించి ముందే ఏం తెలుసు అన్నది దాన్ని గట్టిగా నడిపిస్తుంది. కథలు వినిపించేవాళ్ళ వాదనకి బలం ఇక్కడుంది, కథలతో గుణకారంలో రెండో వైపు పెరుగుతుంది.

ఇంగ్లీష్‌లో ఇంత పెద్ద యుద్ధం ఎందుకు

ఫోనిక్స్ అంటే ఏ అక్షరానికి ఏ శబ్దమో ఒక వరుసలో నేర్పి, వాటిని కలిపి పదాలు చదివించడం. ఇంగ్లీష్‌కి ఇది ప్రత్యేకంగా ఎందుకు కావాల్సి వచ్చిందంటే అక్కడ అక్షరం పేరు వేరు, శబ్దం వేరు. "సి" అనే అక్షరం పేరు సీ, క్యాట్ లో మాత్రం క్. డబ్ల్యూ అనే పేరులో ఆ అక్షరం శబ్దం మొదట్లో వినిపించనే వినిపించదు. 26 అక్షరాలు, దాదాపు 44 శబ్దాలు, ఒకే శబ్దానికి నాలుగైదు స్పెల్లింగులు. 2003 లో సీమోర్, ఆరో, ఎర్స్కిన్ అనే పరిశోధకులు ఐరోపా భాషల్లో మొదటి ఏడాది చదువు ముగిసిన పిల్లల్ని పోల్చి చూశారు. ఫిన్నిష్, గ్రీకు, ఇటాలియన్, స్పానిష్, జర్మన్ పిల్లలు తెలిసిన పదాల్లో 90 శాతానికి పైనే సరిగ్గా చదివితే ఇంగ్లీష్‌లో చదువుకునే పిల్లలు 34 శాతం చదివారు. ఆ పిల్లల తెలివి తక్కువని కాదు, లిపి చిక్కు అలాంటిది.

యుద్ధంలో రెండో పక్షం వాదన కూడా గౌరవంగా వినాలి. 1967 లో కెన్ గుడ్‌మన్ అన్నది, చదవడం అంటే అర్థాన్ని ఊహించుకుంటూ ముందుకు వెళ్ళడం, అక్షరం అక్షరం పట్టుకుని వేలాడటం కాదు అని. మంచి పుస్తకాల మధ్య పెంచితే పిల్లలు బొమ్మ చూసి, వాక్యం చూసి, మొదటి అక్షరం చూసి పదం పట్టుకుంటారు అన్నది ఈ దారి, దీన్నే హోల్ లాంగ్వేజ్ అంటారు. ఒక ఉదాహరణ చూడండి. పేజీలో గుర్రం బొమ్మ ఉంది, కింద "పోనీ" అని ఉంది, బాబు "హార్స్" అని చదివాడు. అర్థం పట్టుకున్నాడు కదా, ఆపకండి అంటుంది హోల్ లాంగ్వేజ్ వర్గం. బాబు ఆ పదం చదవలేదు, బొమ్మ చదివాడు, బొమ్మలు లేని పుస్తకం వచ్చిన రోజు ఏం చేస్తాడు అంటుంది ఫోనిక్స్ వర్గం.

ఈ ఒక్క పాయింట్ మీద ఆధారాలు ఫోనిక్స్ వైపే మొగ్గుతున్నాయి. కళ్ళ కదలికల్ని కొలిచే పరిశోధనల్లో తేలింది ఏంటంటే బాగా చదివేవాళ్ళు పదాల్ని ఊహించి దాటేయరు, పేర్లు, క్రియల్లాంటి ముఖ్యమైన పదాల్లో చాలావాటి మీద చూపు ఆగుతుంది. ఊహ మీద ఆధారపడేది ఎక్కువగా చదవడం సరిగ్గా రాని వాళ్ళే. 2000 లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ రిపోర్టు, 2006 లో ఇంగ్లండ్‌లో జిమ్ రోజ్ రిపోర్టు రెండూ క్రమపద్ధతిలో ఫోనిక్స్ నేర్పడాన్ని బలపరిచాయి. 2012 నుంచి ఇంగ్లండ్‌లో ఆరేళ్ళ వయసు దగ్గరి పిల్లలకి 40 పదాల చెక్ పెడుతున్నారు, అందులో 20 అసలు అర్థం లేని పదాలు, బట్టీ పట్టిన పదాలు కాకుండా నిజంగా కలిపి చదవగలుగుతున్నారా అని చూడటానికి.

అలాగని కథ అక్కడితో తేలిపోలేదు. నేషనల్ రీడింగ్ ప్యానెల్ చెప్పింది ఫోనిక్స్ ఒక్కటే కాదు, ఐదు విషయాలు: ధ్వని స్పృహ, ఫోనిక్స్, ఫ్లుయెన్సీ, పదసంపద, అవగాహన. హెడ్‌లైన్లలో మిగతా నాలుగూ జారిపోయాయి. 2022 లో డొమినిక్ వైస్, ఆలిస్ బ్రాడ్‌బరీ అనే ఇద్దరు లండన్ పరిశోధకులు, ఇంగ్లండ్‌లో ఫోనిక్స్ మరీ ఇరుకుగా నడుస్తోందని, నిజమైన పుస్తకాలతో కలిపి నేర్పడమే మేలని వాదించారు, దాని మీద మళ్ళీ పెద్ద చర్చే జరిగింది. ఇప్పుడు మిగిలిన తేడా ఫోనిక్స్ కావాలా వద్దా అని కాదు, ఎంత, ఎన్నాళ్ళు, ఏ పుస్తకాలతో అన్నదే.

మరి తెలుగుకి ఫోనిక్స్ అవసరమా

తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం. "మ" ని మ అనే పిలుస్తాం, మ అనే చదువుతాం. కాబట్టి పేరుకీ శబ్దానికీ మధ్య లంకె వేయడం అనే మొదటి ఇబ్బంది ఇక్కడ లేదు. అంతమాత్రాన తెలుగు చదవడం తేలిక అనుకుంటే పొరపాటు, కష్టం వేరే చోటికి జరిగింది అంతే.

మొదటిది సంఖ్య. 35 దాకా హల్లులు, ఒక్కో హల్లుకి గుణింతంలో 12 నుంచి 15 రూపాలు, అంటే 400 పైనే ఆకారాలు, ఒత్తులు ఇంకా కలపలేదు. తెలుగుకి చాలా దగ్గరైన కన్నడ లిపిలో సోనాలి నాగ్ చేసిన అధ్యయనం 2007 లో వచ్చింది, ఇలాంటి లిపుల్లో అక్షరాలన్నీ పట్టుబడటానికి ఏళ్ళు పడుతుందని, నాలుగో తరగతికి వచ్చినా ఆ పని ఇంకా సాగుతూనే ఉంటుందని అందులో కనిపించింది. ఒకటో తరగతి అయ్యేసరికి అన్నీ వచ్చేయాలి అనే ఒత్తిడి ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది గుణింతాన్ని ఎలా అర్థం చేసుకున్నారు అన్నది. "క కా కి కీ" అని పాటలా అప్పగించే పిల్లని మధ్యలో ఆపి "కే" ఏది అని చూపించమంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. వరుస వచ్చింది గానీ లోపలి పద్ధతి పట్టుబడలేదు. క లో తలకట్టు తీసి గుడి పెడితే కి, అదే గుడి త మీద పెడితే తి, న మీద పెడితే ని, శబ్దంలో మారింది అచ్చు మాత్రమే అని తెలిసిన పిల్లకి కొత్త హల్లు వస్తే దాని గుణింతం తనంతట తనే చదువుకోగలదు. 400 ఆకారాలు బట్టీ పట్టే పని 35 హల్లులు, ఒక పదిహేను గుర్తులు నేర్చుకునే పని అవుతుంది. చూశారా, ఇది ఫోనిక్స్ ఆలోచనే, పేరు లేదంతే. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. పు, ఫు, వు రాసేటప్పుడు కొమ్ము అందరికీ పెట్టినట్టు పక్కన పెట్టకుండా కింది నుంచి తిప్పుతాం, లేకపోతే వు కాస్తా మ లా కనిపిస్తుంది.

మూడోది, అన్నిటికన్నా కష్టమైంది, ఒత్తులు. క, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరం పోలికలోనే ఉండవు, కాబట్టి కొత్తగా నేర్చుకోవాలి. దానికి తోడు చెవికి ఒకలా, కంటికి ఒకలా. "సూర్య" చెవికి సూర్-య అని వినిపిస్తుంది, కాగితం మీద సూ-ర్య. "స్త్రీ" తీసుకోండి, స్, త్, ర్, ఈ అని నాలుగు శబ్దాలు ఒకే అక్షరంలో, ఆఖర్న పలికే ఈ గుర్తు వెళ్ళి అన్నిటికన్నా ముందు పలికే స మీద కూర్చుంటుంది. పలికే వరుస, రాసే చోటు వేరు వేరు. ఇక్కడే ఇంతకుముందు చెప్పిన విడి శబ్దాల స్పృహ తెలుగు పిల్లలకీ కావాల్సి వస్తుంది, కాకపోతే ఇంగ్లీష్ పిల్లలకి మొదటి రోజునే, మనవాళ్ళకి కొంచెం ఆలస్యంగా.

వరుస ఎలా ఉండాలన్న దాని మీద కూడా వాదన ఉంది. మన అక్షరమాల వరుస చాలా తెలివైనది, క వర్గం గొంతు దగ్గర మొదలై ప వర్గం పెదాల దగ్గర ముగుస్తుంది, ఉచ్చారణ తెలియడానికి అంతకంటే మంచి అమరిక కష్టం. కానీ క ఖ గ ఘ ఙ నేర్చుకున్న పిల్ల వాటితో ఏం చదవగలదు? దాదాపు ఏమీ లేదు. అదే గ, డ, ప, వ నాలుగూ ముందు చెప్తే ఆ రోజే గడప, పడవ, పడగ చదివేస్తుంది, త, ల కలిపితే తల, వల, తడవ వచ్చి చేరతాయి. ఎక్కువ వాడే అక్షరాలు ముందు చెప్పాలనే వాళ్ళ వాదన ఇదే. వరుస ప్రకారమే చెప్పాలనే వాళ్ళు, వరుస అనేది జ్ఞాపకానికి పట్టు, ఏదీ వదిలిపోకుండా చూస్తుంది అంటారు, అందులోనూ నిజముంది. నోటికి అక్షరమాల పాటలా వస్తూ, కంటికి పదాలు కట్టే అక్షరాలు ముందు పరిచయమైతే రెండింటికీ గొడవ లేదని నా ఉద్దేశం.

రాయడంలో మూడు పనులు కలిసిపోయాయి

రాయడం అనగానే చేతిరాత గుర్తొస్తుంది. నిజానికి అందులో మూడు వేరే పనులున్నాయి: చేత్తో ఆకారం గీయడం, విన్న శబ్దానికి సరైన అక్షరం పెట్టడం, తన మనసులో మాటని వాక్యంగా పెట్టడం. పై లైన్ చూసి కింద పది లైన్లు దించే కాపీ రైటింగ్ మొదటి పనికి మాత్రమే సాయం చేస్తుంది. డిక్టేషన్ రెండోదానికి. మూడోది చాలా చోట్ల పెద్ద తరగతుల దాకా మొదలే కాదు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే చెప్పడానికి ఏదో ఉన్న పిల్లలే రాయడానికి ఇష్టపడతారు.

అయితే చేత్తో రాయడం దండగ అని మాత్రం అనలేం. 2012 లో కారిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలతో అక్షరాలు కొన్ని చేత్తో రాయించి, కొన్ని చుక్కల మీద దిద్దించి, కొన్ని టైప్ చేయించి తర్వాత మెదడు స్కాన్ తీసి చూశారు. చదవడానికి ఉపయోగపడే భాగాలు సొంతంగా చేత్తో రాసిన అక్షరాలకే ఎక్కువ స్పందించాయి. దిద్దడం కన్నా సొంతంగా, వంకరటింకరగా అయినా గీయడం మేలు చేసిందన్న మాట.

తప్పుల దగ్గర మళ్ళీ రెండు పక్షాలు. అమెరికాలో ఇంకా బడికి వెళ్ళని పిల్లలు సొంతంగా కట్టుకున్న స్పెల్లింగుల్ని చార్లెస్ రీడ్ 1971 లో పరిశీలించాడు, ట్రక్ లాంటి మాటల్లో "ట్ర" ని పిల్లలు "చ్ర" అన్నట్టు రాస్తున్నారు. గట్టిగా పలికి చూడండి, ఇంగ్లీష్ వాళ్ళ నోట అది నిజంగానే అలా ఉంటుంది. అంటే ఆ పిల్లలు గుడ్డిగా తప్పు రాయలేదు, చాలా జాగ్రత్తగా విని రాశారు. అందుకని మొదట్లో సొంత స్పెల్లింగుల్ని రాయనివ్వాలి అంటారు కొందరు. తప్పు అలవాటైతే తర్వాత పోదు అంటారు ఇంకొందరు, స్పెల్లింగ్ నేర్పకుండా పూర్తిగా వదిలేస్తే వాళ్ళ భయం నిజమే అవుతుంది. "సూర్య" ని "సూరియ" అని రాసిన పిల్ల శబ్దాలన్నీ పట్టుకుంది, ఒత్తు ఒక్కటే రాలేదు. "సూర" అని వదిలేసిన పిల్లకి వినడం దగ్గరే సాయం కావాలి. ఎర్ర ఇంకు రెండింటికీ ఒకే గీత గీస్తుంది.

ఎన్నేళ్ళకి మొదలుపెట్టాలి

ఇంగ్లండ్‌లో నాలుగైదేళ్ళకే మొదలవుతుంది, ఫిన్లండ్‌లో బడి చదువు ఏడేళ్ళకి. న్యూజిలాండ్ పిల్లల మీద సెబాస్టియన్ సగేట్ చేసిన పరిశోధనలో ఐదేళ్ళకి మొదలుపెట్టిన వాళ్ళకీ ఏడేళ్ళకి మొదలుపెట్టిన వాళ్ళకీ పదకొండేళ్ళ వయసు దగ్గర చదవడంలో తేడా కనబడలేదు. దీన్ని చూపించి తొందర వద్దు అంటారు. జాగ్రత్తగా చదవాల్సింది ఏంటంటే ఆలస్యంగా మొదలుపెట్టిన ఆ పిల్లలు ఈలోపు ఖాళీగా లేరు, మాటలు, పాటలు, కథల మధ్య పెరిగారు. ఫిన్నిష్ లిపిలో అక్షరానికి దాదాపు ఒకటే శబ్దం కాబట్టి అక్కడ ఆలస్యం తొందరగా సర్దుకుంటుంది, ఇంగ్లీష్‌కో, వందల ఆకారాల లిపికో అదే లెక్క వేయలేం. వయసు ఎంతైనా, చాలా కాలం బాగా నేర్పాక కూడా శబ్దాలు కలపడం దగ్గరే ఆగిపోతున్న పిల్లల్ని మాత్రం బద్ధకం అనకూడదు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం దగ్గర మాత్రం వచ్చే ఇబ్బంది) కావచ్చు, వినికిడో చూపో కావచ్చు, చూపించి తెలుసుకోవాల్సిన విషయం.

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష

ప్రపంచంలో దాదాపు 40 శాతం మందికి తాము మాట్లాడే లేదా అర్థమయ్యే భాషలో చదువు అందడం లేదని యునెస్కో 2016 లో చెప్పింది. గుణకారం గుర్తుంటే ఇక్కడ జరిగేది కనబడుతుంది. పిల్లాడు "ట్రీ" ని ట్-ర్-ఈ అని సరిగ్గా కలిపి చదివాడనుకోండి, చెట్టు అని ముందే తెలిసిన పిల్లాడికి ఆ క్షణంలో మాట దొరుకుతుంది, తాను సరిగ్గానే చదివాడని తనకే తెలుస్తుంది. తెలియని పిల్లాడికి దొరికేది ఒక శబ్దం మాత్రమే, తప్పు చదివినా తనకి తెలియదు, పక్కన ఎవరో ఒకరు ఉండి దిద్దాలి.

ఒక భాషలో నేర్చుకున్నదంతా రెండో భాషలో వృథా పోదు, అలాగని అంతా పనికీ రాదు. మాటల్ని శబ్దాలుగా విడదీయొచ్చన్న స్పృహ, వాక్యానికి అర్థం ఉండాలన్న పట్టుదల, కథ ఎలా నడుస్తుందన్న అంచనా, ఇవి ఒకసారి వస్తే ఏ భాషకైనా వెంట వస్తాయి. అక్షరాలు, వాటి వంకర్లు మాత్రం ఏ లిపికి ఆ లిపి మళ్ళీ నేర్చుకోవాల్సిందే. తెలుగులో అమ్మ, అక్క చదివేసిన పిల్ల ఇంగ్లీష్ దగ్గర తడబడితే వెనక్కి వెళ్ళినట్టు కాదు, ఇంతకాలం ప అని ఒకే ముక్కగా విన్నదాన్ని ప్, అ అని రెండుగా వినమని అడుగుతున్నాం. దానికి టైమ్ పడుతుంది. రెండు లిపులూ ఒకేసారి మొదలుపెట్టాలా, ఒకటి నిలదొక్కుకున్నాక రెండోదా అన్న చర్చలో మెల్లగా అనేవాళ్ళు ఎక్కువగా చెప్పే కారణం ఇదే, ఒకేసారి అనేవాళ్ళు మాత్రం చిన్నవయసులో చెవి రెండు భాషల శబ్దాల్నీ బాగా పట్టుకుంటుంది అంటారు. చెవి విషయంలో వాళ్ళ మాట నిజమే, కానీ వినడం రెండు భాషల్లో ఒకేసారి మొదలుపెట్టాలంటే రాయించడం కూడా ఒకేసారి మొదలుపెట్టాల్సిన పని లేదు.